మంటికుండలోని పత్రము: డిజిటల్ గ్రంథాలయములపై ఒక విమర్శనాత్మక పరిశీలన

యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును కొన్నప్పుడు రెండు క్రయపత్రములు సిద్ధమయ్యాయి. ఒకటి ముద్ర వేసినది, రెండవది ముద్ర లేక విప్పి ఉన్నది. బహు దినములు నిలిచేలా ఆ రెండింటిని మంటికుండలో ఉంచమని బారూకునకు ఆజ్ఞ కలిగింది (యిర్మీయా 32:9-14). అప్పుడు యెరూషలేము ముట్టడిలో ఉన్నది, ప్రవక్త బందీగా ఉన్నాడు. ఈ భాగము మీద మనము సాధారణముగా నిరీక్షణను గూర్చి ప్రసంగిస్తాము. అది సరియైనదే. అయితే ఆ పత్రముల ఏర్పాటును కూడా ఒకసారి గమనించాలి. చూచుకొనుటకు ఒక ప్రతి, భద్రపరచుటకు ఒక ప్రతి, రెండింటిని కాపాడుటకు ఒక పాత్ర. పుస్తకములను, సంఘ రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించే పని మన మధ్య సాగుతున్న ఈ దినములలో ఆ పనిని తూచుటకు ఈ మూడు కొలతలు చాలునని మేము తలుస్తున్నాము.

1. సాధించినది ఏమి?

మొదట మెచ్చుకొనవలసిన దానిని మెచ్చుకొందాము. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టి, కంప్యూటరు శాస్త్రములో 1994లో ట్యూరింగ్ బహుమానము పొందిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము నుండి పది లక్షల పుస్తకముల ప్రణాళికకు నాయకత్వము వహించారు. ఇండియా, చైనా, ఈజిప్టు దేశములు అందులో పాలు పంచుకున్నాయి. మన దేశములో ఆ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పేరుతో నడిచింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు దానిని మోశాయి. 2007 నాటికి అన్ని దేశములలో కలిపి 15 లక్షల పుస్తకములు స్కాన్ అయ్యాయని ప్రకటించారు. వాటిలో వేల కొలది తెలుగు పుస్తకములు ఉన్నాయి.

ఒకప్పుడు ఒక పాత తెలుగు పుస్తకము కావాలంటే భద్రాచలము నుండి బస్సెక్కి హైదరాబాదుకో రాజమండ్రికో వెళ్ళి, ఎవరినో బ్రతిమాలి, దుమ్ము దులిపి చదువుకొని రావలసి వచ్చేది. నేడు ఆ పుస్తకములలో అనేకము మన చేతిలోని ఫోనులో తెరుచుకొంటున్నాయి. ఈ మేలును మరచి చేసే విమర్శ న్యాయమైనది కాదు.

2. పేరు పోగొట్టుకున్న పుస్తకములు

అయితే స్కాన్ అయిన ప్రతి పుస్తకము గ్రంథాలయములో చేరినట్లు కాదు. వెదకిన వానికి దొరికినప్పుడే అది చేరినట్లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో మేము చూచిన పెద్ద లోపము ఇక్కడే ఉన్నది. తెలుగు పుస్తకముల పేర్లను తెలుగు లిపిలో కాక ఇంగ్లీషు అక్షరములలో, ఒక పద్ధతి అంటూ లేకుండ ఎక్కించారు. ఇంగ్లీషు అక్షరములలో 'పాట'కు, 'పాత'కు తేడా నిలువదు. 'కల'కు, 'కళ'కు తేడా కనబడదు. ఒక రచయిత పేరు మూడు విధములుగా వ్రాస్తే కంప్యూటరు దృష్టిలో ముగ్గురు రచయితలు పుడతారు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుండే స్థానము ఉన్నది గనుక లిపి లేదనే సాకు చెల్లదు. లోపించినది శ్రద్ధ. పేజీలను స్కాన్ చేయుటకు యంత్రములు కొన్నారు గాని, ప్రతి పుస్తకమును చేతికి తీసుకొని ముఖపత్రము చదివి, సరిగా నమోదు చేసే తెలుగు చదువరులకు తగిన చోటు ఇవ్వలేదు.

పైగా అవి పేజీల బొమ్మలు మాత్రమే, లోపలి మాటలను వెదకుటకు వీలు లేదు. బొమ్మ నుండి అక్షరములను చదివే సాఫ్ట్‌వేరు ఇప్పుడు మెరుగైనది. హెచ్.పి. సంస్థ 2005లో అందరికీ విడుదల చేసిన టెసరాక్ట్ నేడు తెలుగు కూడ చదువుతున్నది. అయితే పాత అచ్చులో అది 'మ'ను 'వు' అని, 'ప'ను 'వ' అని చదివే ప్రమాదము ఉన్నది. 'పాపము' అనే మాట 'వావము' అయితే, పాపమును గూర్చి వెదకే విద్యార్థికి ఆ పేజీ ఎన్నటికీ దొరకదు. యంత్రము చదివిన దానిని మనిషి మరల చదివి దిద్దవలసినదే.

3. భద్రాచలము ఏ జిల్లాలో ఉన్నది?

ఈ లోపము మన ప్రాంతమును ఎట్లు తాకుతుందో చూద్దాము. భద్రాచలము సీమ 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సులలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండెను. తరువాత మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ఒకే గ్రామము ఇన్ని చేతులు మారినది. 'ఖమ్మము' అని వెదకే వానికి 1959కి ముందటి కాగితము ఒక్కటీ ఎదురు రాదు.

దుమ్ముగూడెమును తీసుకొనండి. గోదావరి మీద పడవల మార్గము పనులు చూచుటకు వచ్చిన కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు ప్రోత్సాహముతో 1860 దశకములో అక్కడ కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ సేవ ఆరంభమైనది. తరువాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి 1876 నుండి 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో వ్యాసములు ప్రచురించాడు. ఆ కాలపు వ్రాతలలో కోయలను 'కోయి' అన్నారు. ఊర్ల పేర్లను తమకు వినబడినట్లు తమ అక్షరములలో వ్రాసుకున్నారు. నేటి పేరుతో వెదకితే అవి దొరకవు. మంచి డిజిటల్ సంగ్రహములో ఒక స్థలమునకు గల పాత పేర్లు, కొత్త పేర్లు, అది చేరిన జిల్లాలు అన్నీ ఒక్క చోట ముడివేయబడి ఉంటాయి. ఆ ముడి ఏ యంత్రమూ తనంతట తాను వేయదు. దుమ్ముగూడెము ఎక్కడ ఉన్నదో తెలిసినవాడు వేయాలి.

ఆ సొసైటీ కాగితములు నేడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో భద్రముగా ఉన్నాయి. వాటిలో కొంత భాగము డిజిటల్ రూపములో వచ్చినా చందా కట్టే సంస్థలకే అది తెరుచుకొంటుంది. కోయ పల్లెలోని సంఘపెద్ద తన తాతల బాప్తిస్మమును గూర్చి పరదేశములో వ్రాయబడినది చదువలేడు.

కోయ భాషకు జరిగినది మరొక అన్యాయము. 2011 జనాభా లెక్కల ప్రకారము సుమారు 4 లక్షల మందికి అది మాతృభాష. తెలుగు లిపిలో వ్రాసిన కోయ పుస్తకమును పట్టికలో 'తెలుగు' అని నమోదు చేస్తే ఆ భాష పట్టికలో లేనట్లే అవుతుంది. కోయకు అంతర్జాతీయ భాషా సంకేతము 'కె.ఎఫ్.ఎఫ్.' అని మూడక్షరములు ప్రత్యేకముగా ఉన్నాయి. ఆ మూడక్షరములు నింపుటకు అర నిమిషము పట్టదు.

4. మన ఇంటి లోపము

పెద్ద సంస్థలను విమర్శించి ఊరుకొంటే అది వేషధారణ అవుతుంది. మేము ఇంతకు ముందు సేవ చేసిన ఒక పాస్టరేటులో సుమారు ఇరవై సంవత్సరముల క్రిందట బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లను కంప్యూటరులోనికి ఎక్కించాలని తీర్మానించాము. ఒక చిన్న సంస్థ సాఫ్ట్‌వేరు చేసి ఇచ్చినది. యూనికోడ్ కాని ఒక ఫాంటులో పేర్లన్నీ టైపు చేయించాము. పని ముగిసిన దినమున కృతజ్ఞతా ప్రార్థన చేసి, పాత రిజిస్టర్లను వెనుక గదిలో పెట్టించాము. నాలుగేండ్లకు ఆ కంప్యూటరు పాడైనది. మరొక కంప్యూటరులో ఫైళ్ళు తెరిస్తే అర్థము లేని గుర్తులు తప్ప ఒక్క పేరు కనబడలేదు. ఆ సంస్థ మూతపడినది. వెనుక గదికి పరుగెత్తితే రిజిస్టర్లకు చెదలు పట్టియున్నాయి.

ఆ తరువాత ఒక వృద్ధురాలు తన వివాహ నమోదు ప్రతి కోసము మా యొద్దకు వచ్చినది. మేము ఇవ్వలేకపోయాము. చెర నుండి తిరిగి వచ్చినవారిలో కొందరు వంశావళులలో తమ పేరు వెదకి, కనబడక యాజకత్వములో నుండి తొలగింపబడ్డారని చదువుతాము (ఎజ్రా 2:62). ఆ దినమున ఆ వాక్యము మాకు క్రొత్తగా అర్థమైనది. అది ఆమె తప్పు కాదు. సాఫ్ట్‌వేరు వ్రాసిన యువకుని తప్పు అని కూడ మేము అనము. ఈ సమాచారము వేరే కంప్యూటరులో తెరుచుకొంటుందా, మీరు లేని దినమున మేము ఏమి చేయాలి అనే రెండు ప్రశ్నలు మేము అడుగలేదు.

5. ముద్ర వేసిన ప్రతి

ఇప్పుడు కొందరు యువ సేవకులు ఫోనుతో రిజిస్టర్లను ఫోటోలు తీసి ఇంటర్నెట్టులో పెడదామని ఉత్సాహపడుతున్నారు. ఉత్సాహము మంచిదే గాని ఇక్కడ ఆగాలి. పుస్తకము వేరు, రిజిస్టరు వేరు. రాజ్యాంగ షెడ్యూల్డు కులముల ఉత్తరువు, 1950లోని 3వ పేరా ప్రకారము హిందూ, సిక్కు, బౌద్ధ మతములు కాక వేరే మతమును అవలంబించిన వ్యక్తిని షెడ్యూల్డు కులమునకు చెందినవానిగా ఎంచరు. ఆ మినహాయింపులోనికి సిక్కులు 1956లో, బౌద్ధులు 1990లో వచ్చారు. క్రైస్తవులు రాలేదు; షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు మన తెలుగు రాష్ట్రములలో బి.సి.-సి గ్రూపులో ఉన్నారు. షెడ్యూల్డు తెగలకు అటువంటి మత నిబంధన లేదు గనుక కోయ విశ్వాసి స్థితి వేరు, మాల, మాదిగ విశ్వాసి స్థితి వేరు. ఒక పేజీ ఇంటర్నెట్టులోనికి ఎక్కితే ఎవరి ఉద్యోగము మీద, ఎవరి బిడ్డ చదువు మీద ఫిర్యాదు వెళుతుందో మనము చెప్పలేము.

మేము అబద్ధమును సమర్థించుట లేదు. తన బాప్తిస్మమును గూర్చి చెప్పుకొనుట ఆ వ్యక్తి ఇచ్చే సాక్ష్యము. అతని తరపున లోకమంతటికి ప్రకటించే అధికారము రిజిస్టరు తాళము చేతిలో ఉన్న కాపరికి లేదు. వ్యక్తిగత సమాచారమును గూర్చి 2023లో దేశములో ప్రత్యేక చట్టము కూడ వచ్చినది. కాబట్టి చరిత్ర గ్రంథములు, పాత పత్రికలు, పాటల పుస్తకములు విప్పి ఉన్న ప్రతిగా ఉండాలి. జీవించియున్నవారి పేర్లు గల రిజిస్టరు స్కాన్ అయినా ముద్ర వేసిన ప్రతిగానే ఉండాలి. మంచి సాఫ్ట్‌వేరు ఎవరికి ఏది తెరవాలో విడదీసి చూపగలదు. విడదీయవలసిన తీర్పు మాత్రము మనది.

పుస్తకముల విషయములో కూడ హక్కులను గౌరవించాలి. మన చట్టములో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరముల వరకు హక్కు నిలుస్తుంది. దైవసేవ కోసమని చెప్పి దానిని దాటరాదు.

6. కుండ ఎక్కడ?

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు 2017 నాటికి పాఠకులకు అందకుండ పోయినది. ఆ పుస్తకములలో అనేకము అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనికి అప్పటికే నకలు చేయబడి ఉండుట చేత దక్కాయి. ఆ ఆర్కైవ్ కూడ 2024 అక్టోబరులో దాడికి గురియై కొన్ని దినములు మూతపడినది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీకి అదే గతి పట్టి, దాని పట్టిక కొన్ని నెలలు పనిచేయలేదు. ఎంత పెద్ద గ్రంథాలయమైనా ఒక్క కుండ చాలదని దీని భావము. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో 1999లో ఆరంభమైన లాక్స్ అనే ఏర్పాటు ఈ సూత్రము మీదనే నిలిచినది: అనేక చోట్ల అనేక ప్రతులు ఉంటేనే క్షేమము.

మన సంఘములు, సెమినరీలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదట స్కానరు కొనక ముందే బీరువాలో ఏమున్నదో పట్టిక వ్రాయాలి. పేరు, రచయిత, సంవత్సరము, స్థలము, భాష, పాత ఊరి పేరు. ఇవన్నీ తెలుగు లిపిలో, యూనికోడ్‌లో ఉండాలి. డబ్లిన్ కోర్ అనే ప్రమాణములో ఉన్నవి 15 గళ్ళు మాత్రమే, చిన్న సంఘమునకు అవి చాలును. సెమినరీలు సొంత సాఫ్ట్‌వేరు చేయించుకొనుటకు బదులు, న్యూజిలాండులో పుట్టి 2000 నుండి నడుస్తున్న కోహా, 2002లో వచ్చిన డీస్పేస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను వాడుకొనవచ్చును. వాటిలోని సమాచారమును ఎప్పుడైనా బయటకు తీసి వేరొక దానిలో పెట్టుకొనవచ్చును. స్కాన్ అయిన దానికి మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. గోదావరి వరద చూచిన మన ప్రాంతమువారికి ఈ మాట వివరించనక్కరలేదు. చివరిగా, స్కాన్ అయినదని చెప్పి కాగితమును పారవేయరాదు.

బి.డి. విద్యార్థులకు మా మనవి ఒకటి. మీ పరిశోధనకు అంశము కొరకు దూరము చూడకండి. మీ సొంత పాస్టరేటులోని బీరువా తెరచి, అందులోని ప్రతి పుస్తకమును, ప్రతి కాగితపు కట్టను నమోదు చేసి, ఏది విప్పి ఉంచాలో, ఏది ముద్ర వేయాలో మీ సంఘ కమిటీతో కూర్చుండి నిర్ణయించి వ్రాయండి. అది వేదాంత పరిశోధన కాదని ఎవరైనా అంటే బారూకు పేరు చెప్పండి. అనాతోతు పొలమును కొన్నవాడు ప్రవక్తయే గాని, పత్రములను కుండలో పెట్టే పని అప్పగింపబడినది బారూకునకు.