ఏ యూనివర్సిటీ పట్టా?

"మీది ఏ యూనివర్సిటీ?" చదువుకున్నవాళ్ల మధ్య ఇది మామూలు ప్రశ్న. కానీ ఈ దేశంలో మామూలుగా కనిపించే ప్రశ్నల్నే మనం ఎక్కువగా అనుమానించాలి. "మీది ఏ ఊరు?" అని మొదలుపెట్టి, "ఊళ్లో ఏ పక్క?" అని ఆగి, "ఇంటిపేరేంది?" అని ముగించే విచారణ మా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. నోరుతెరిచి కులం అడగరు. అడగకుండానే కులం గడప దగ్గరికి వచ్చి నిలబడతారు. యూనివర్సిటీ పేరు అడగడం ఆ విచారణకి చదువుకున్న రూపం. జవాబు చెప్పగానే ఎదుటివాడి మొహంలో ఒక లెక్క జరిగిపోతుంది. కుర్చీ చూపించాలా, నిలబెట్టే మాట్లాడాలా అన్నది ఆ లెక్కలోనే తేలిపోతుంది.

ఏ యూనివర్సిటీ గొప్పది అనే వాదన మా స్టాఫ్ రూముల్లో ఎప్పుడూ నడిచేదే. పేపర్లో ర్యాంకుల జాబితా పడ్డరోజు ఇంకా గట్టిగా నడుస్తుంది. ఒకాయన ఆంధ్రా అంటాడు. 1926లో పుట్టింది, కట్టమంచి రామలింగారెడ్డి మొదటి వైస్ చాన్సలర్, దానికి సాటి ఏదంటాడు. ఇంకొకాయన తిరుపతి అంటాడు. శ్రీ వేంకటేశ్వర 1954 నాటిది, మొన్నమొన్నటిదాకా మన జిల్లా కాలేజీలన్నీ దాని కిందవే కదా అంటాడు. కుర్రవాళ్లు 1974లో వచ్చిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పేరు చెప్తారు. పిల్లల్ని కార్పొరేట్ కాలేజీల్లో చేర్చినవాళ్లు ఐఐటీల దగ్గర తప్ప ఆగరు. నెల్లూరుకని 2008లో పెట్టిన విక్రమ సింహపురి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. నా డిగ్రీ పట్టా మీద ఉండే పేరు అదే. "అది కూడా యూనివర్సిటీయేనా అబ్బయా?" అని ఒక ట్రైనింగులో ఒక పెద్దమనిషి నవ్వినాడు. నలుగురూ ఆయనతోపాటు నవ్వినారు. ఆ నవ్వు వెనకాల ఏముందో విప్పి చూడాలనే ఈ నాలుగు మాటలు.

తెలుగులో పట్టా అనే మాట భూమికీ చెల్లుతుంది, చదువుకీ చెల్లుతుంది. తరాల నుంచి ఊరి భూమిని దున్ని, కలుపు తీసి, కోతలు కోసిన మా ఇంటికి భూమి పట్టా రాలేదు. మా ఇంట్లోకి వచ్చిన మొదటి పట్టా నా డిగ్రీదే. మా అమ్మ దాన్ని రేషన్ కార్డు పెట్టే ట్రంకు పెట్టెలో దాచింది. ఏ యూనివర్సిటీదని అడగలేదు. "నీ పేరే రాసుండాదా నాయనా?" అని అడిగింది. ఉన్నత విద్య గురించి ఇంత సూటి ప్రశ్న నేను ఇంకెక్కడా వినలేదు. ఆ కాగితం మీద ఎవరి పేరు రాయొచ్చు, ఎవరి పేరు రాయకూడదు అన్నదే ఈ దేశంలో చదువు చరిత్ర అంతా. కాగితం పైభాగాన ఉండే యూనివర్సిటీ పేరు చూసి మురిసేవాళ్లు, కింద మా పేరు ఎక్కడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడరు.

మాగాణి గొప్పదా, మెట్ట గొప్పదా అని భూమి ఉన్నవాళ్లు వాదించుకుంటారు. యూనివర్సిటీల గొప్ప గురించిన వాదన కూడా అట్టాంటిదే. అసలు మాగాణి మాగాణి ఎట్టయిందో మా పడమటి మండలాలవాళ్లకి ఎవరూ చెప్పనక్కరలేదు. సోమశిల డ్యాం ఆత్మకూరుకి దగ్గర్లోనే ఉంది. పెన్న నీళ్లు అక్కడ ఆగి, కిందికి దిగి, డెల్టా వరిపొలాల్ని తడుపుతాయి. ఉదయగిరి కొండ కింద చేలు వానకోసం మొగులు చూస్తా ఉంటాయి. నీళ్లు పారిన చోట పంట బాగా పండితే అది భూమి గొప్పా, నీళ్ల గొప్పా? కేంద్రం నిధులు పారిన యూనివర్సిటీలో పరిశోధనలు బాగా పండితే అది ఎవరి గొప్ప? పోస్టులు ఖాళీగా పెట్టి, పార్ట్ టైం వాళ్లతో పాఠాలు చెప్పించి, తర్వాత "అక్కడ స్టాండర్డు లేదబ్బా" అనడం, కాలవ తవ్వకుండా చేను ఎండిందని ఎక్కిరించడమే.

చదువూ నీళ్లూ పక్కపక్కన రాసిన కాగితం ఒకటి మన చరిత్రలో ఉంది. 1937 నవంబరులో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ మద్రాసులో రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక అది. విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి ఉండాలని అందులో రాసుకున్నారు. నీటిపారుదలలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకీ నెల్లూరుకీ ముందు స్థానం ఇవ్వాలని కూడా రాసుకున్నారు. అనంతపురానికి సొంత యూనివర్సిటీ వచ్చేసరికి 1981 అయింది. అంటే 44 ఏళ్లు. 1514లో మా ఉదయగిరి కోటని గెలిచిన కృష్ణదేవరాయల పేరు దానికి పెట్టారు. ఆ ఒడంబడికలో ప్రాంతాలున్నాయి, నదులున్నాయి, రాజధానీ హైకోర్టూ ఉన్నాయి. వాడ లేదు. వాల్తేరా అనంతపురమా అని కొట్లాడుకున్న వాళ్లలో ఎవరూ, ఆ గేటు లోపలికి మాల మాదిగ పిల్లోడు ఎట్ట వస్తాడని ఒక్క షరతు రాసుకోలేదు.

ఇప్పుడు గొప్పని లెక్కగట్టడానికి ప్రభుత్వమే ఒక పద్ధతి పెట్టింది. ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులు 2016లో మొదలయినాయి. 2023 జాబితాకి వాడిన లెక్కని విప్పి చూడండి. నూరు మార్కుల్లో పేరుప్రతిష్ఠలకే 10 మార్కులు. అంటే పెద్ద ప్రొఫెసర్లూ ఉద్యోగాలిచ్చేవాళ్లూ మీ గురించి ఏమనుకుంటున్నారన్న దానికి. అందరికీ చోటివ్వడం అనే పద్దుకి ఇంకో 10 మార్కులు. అందులో బయటి రాష్ట్రాల పిల్లలు, ఆడపిల్లలు, వికలాంగులు పోను, పేద, వెనకబడిన పిల్లలకి మిగిలేది ఐదో వంతు. నూటికి రెండు మార్కులు! అది కూడా ఎంతమందికి పూర్తి ఫీజు కట్టారన్న లెక్క. మా పిల్లల్లో ఎంతమంది లోపలికి పోయి పట్టాతో బయటికి వచ్చారన్న లెక్క కాదు. పెద్దోళ్లు మిమ్మల్ని గురించి అనుకునేదానికి పది, పేదోడికి మీరు చేసేదానికి రెండు. ఈ కొలతలో ఎవరు పైకొస్తారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

2016 సంవత్సరాన్నే తీసుకుందాం. ఆ జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి బయటికి పంపిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు క్యాంపస్‌లోనే 'వెలివాడ' కట్టుకున్నారు. వాళ్లలో ఒకడు, అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో పనిచేసిన రోహిత్ వేముల, 17వ తేదీన ప్రాణం తీసుకున్నాడు. ఏప్రిల్‌లో ఎన్.ఐ.ఆర్.ఎఫ్. మొదటి ర్యాంకుల జాబితా వచ్చింది. యూనివర్సిటీల్లో ఆ యూనివర్సిటీది నాలుగో స్థానం. రెండు సంగతులూ నిజమే. వెలివాడని తూచే తూకపురాయి ఆ జాబితా చేసినవాళ్ల దగ్గర లేదు.

ఇంకో రెండేళ్లకి, 2018లో, కేంద్రం కొన్ని సంస్థల్ని 'మహోన్నత విద్యా సంస్థలు' అని ఎంపిక చేసింది. ప్రభుత్వ సంస్థ అయితే వెయ్యి కోట్ల దాకా ఇస్తామంది. ర్యాంకుల్లో పైనున్నవాళ్లే దానికి అర్హులు. తడిసిన మడికే మళ్లీ నీళ్లు. ఆ ఎంపికలో జియో ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. అప్పటికి దానికి తరగతి గది లేదు, పిల్లకాయలు లేరు. డబ్బు ఇవ్వకపోయినా హోదా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పుట్టకముందే ఘనత! ఈ విద్య మనకి కొత్త కాదు. పుట్టకముందే ఒకడిని గొప్పోణ్ణీ ఒకడిని తక్కువోణ్ణీ చేయడం కులం వేల ఏళ్లుగా చేస్తున్న పనే.

"అందని ద్రాక్ష పుల్లన" అంటారేమో. అననీండి. పెద్ద యూనివర్సిటీలు మాకొద్దని నేను అనడం లేదు. మా వాళ్లలోనూ కొందరు "చిన్న యూనివర్సిటీ మనది, పెద్దది వాళ్లది" అని పంచుకుంటారు. ఇది ఊరూ వాడా పంపకమే. దీన్ని మనమే ఒప్పుకుంటే ఎట్ట? అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియాకి పోయినాడు. లండన్‌లో డి.ఎస్సీ. చేసినాడు. అంత చదివినాయన అక్కడి గొప్ప చెప్పుకుంటా కూర్చోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో మిళింద్ కాలేజీ నిలబెట్టినాడు. పైగేటు నెట్టుకుని లోపలికి పోవడం, తన వెనకవాళ్ల కోసం కింద ఇంకో తలుపు తెరవడం, రెండూ ఒకే మనిషి చేసిన పనులు. మనకి రెండూ కావాలి.

ఆయన పేరునే చూడండి. మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978లో నిర్ణయం జరిగితే అక్కడ దళితుల ఇళ్లు తగలబడ్డాయి, ప్రాణాలు పోయినాయి. 1994 దాకా ఆ పేరు ఎక్కలేదు. మన రాష్ట్రంలో 1982లో, దేశంలోనే మొదటిదిగా, పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో ఆయన పేరు పెట్టారు. ఇంటర్ పాస్ కానివాళ్లకి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి రానిచ్చిన చోటు అది. కూలికి పోతా, బిడ్డల్ని సాకుతా చదివినవాళ్లు ఎందరో దాన్నుంచి పైకొచ్చినారు. ఆ పట్టా చూపిస్తే మాత్రం "ఓహో, ఓపెనా!" అని పెదవి విరుస్తారు. తలుపు అందరికీ తెరిచి ఉండటమే దాని లోపం అయింది. ఎంతమందిని బయట నిలబెడితే అంత గొప్ప అనే బుద్ధి గుడి దగ్గర పుట్టిన బుద్ధి. అదే యూనివర్సిటీ గేటు దగ్గరికి నడిచొచ్చింది.

సాహిత్యంలో కూడా ఇదే తూకం. ఆంధ్ర విశ్వవిద్యాలయం జాషువాకి 1970లో కళాప్రపూర్ణ ఇచ్చింది. 'గబ్బిలం' వచ్చి అప్పటికి 29 ఏళ్లు. మరుసటేడు ఆయన కన్నుమూసినాడు. ఆ బిరుదు వల్ల జాషువా పెరిగినాడా, జాషువా వల్ల ఆ బిరుదు పెరిగిందా? 'ఊరబావి' రాసిన కొలకలూరి ఇనాక్ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయినాడు. ఊరబావిలో నీళ్లు తోడుకోనివ్వని జాతిలోంచి వచ్చిన మనిషి తిరుపతిలో ఆ కుర్చీలో కూర్చున్నాడంటే, ఆ యూనివర్సిటీ ఘనతలో అది మొదటి వాక్యం కావాలి. చరిత్ర రాసేటప్పుడు దాన్ని ఏ పేజీలో రాస్తారో చూడాలి.

మా బడిలో పిల్లల అమ్మానాయనలు "యాడ చేర్చమంటావు సారూ?" అని అడుగుతుంటారు. నేను ర్యాంకు చెప్పను. నా దగ్గర వేరే కొలత ఉంది. చేరినరోజు నుంచే హాస్టల్లో అన్నం పెడతారా? స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఆఫీసులో నిలబెట్టి అవమానిస్తారా, ఓర్చుకుంటారా? పాఠం చెప్పేవాళ్లలో మనవాళ్లు ఒక్కరైనా ఉండారా? పోయినేడు చేరిన మన పిల్లలు ఈ ఏడు కూడా అక్కడే ఉండారా? ఈ ప్రశ్నలకి సరైన జవాబు దొరికితే అది హైదరాబాదైనా, తిరుపతైనా, నెల్లూరైనా పంపమంటాను. జవాబు లేకపోయినా, పెద్దచోట సీటు వస్తే వదులుకోవద్దంటాను. కాకపోతే ఒంటరిగా పోవద్దని, ముందు పోయిన మనవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకుని పొమ్మని చెప్తాను.

గొప్ప యూనివర్సిటీ ఏదో తేల్చే హక్కు ఇన్నాళ్లూ లోపలున్నవాళ్ల దగ్గరే ఉంది. ఇక గేటు బయట తరాలు నిలబడ్డవాళ్లం కూడా మార్కులు వేస్తాం. మా నూరు మార్కుల్లో పేదోడి వాటా రెండు కాదు.