ఎర్రని తల్లీ, టమాటా!

టమాటా, ఎర్రని తల్లీ! ఉద్దానం ఇసుక నేల మీద, కొబ్బరాకుల గలగలల కింద, సముద్రపు గాలి ఊదే పొయ్యి ముందు కూర్చుని నిన్ను పిలుస్తున్నాను. బారువ తీరాన పొద్దు పొడిచే వేళ అలల మీద పరుచుకునే ఎరుపు నీదే. మహేంద్రగిరి వెనక పొద్దు వాలే వేళ మబ్బుల అంచున మిగిలే ఎరుపూ నీదే. పులుపులో తీపిని దాచుకున్నావు, తీపిలో తడిని దాచుకున్నావు, ఆ తడిలో ఎండనంతా దాచుకున్నావు. టెక్కలి బజారులో గంపల నిండా గుట్టగా ఉన్నా, నా అరచేతిలో ఒక్కదానివై ఉన్నా నీ నిగారింపు నిగారింపే!

కొబ్బరి చిప్పల నిప్పులు కణకణలాడుతున్నాయి. వాటి మీద ఉంచగానే నీలో చలనం ఉండదు. నున్నని నీ ఒంటి మీద వెలుగు జారుతుంది, అంతే. కాసేపటికి తొడిమ దగ్గర సన్నని గీత పడుతుంది. ఆ గీత వెంట తోలు చిట్లి, ముడుచుకుని, అంచు నల్లబడుతుంది. లోపలి రసం బుడగై ఉబికి, బొట్టై జారి, నిప్పు మీద చుయ్యిమంటుంది. ఆ ఒక్క బొట్టు ఆవిరికి పెరడంతా పులకరిస్తుంది. వేలికొసలు కాలుతున్నా ఊదుకుంటూ తోలు ఒలిస్తే, ఆహా, ఆ మెత్తదనం, ఆ మెరుపు, ఆ మంకెనపూల ఎరుపు!

రోట్లో నీ కోసం చుట్టాలు కాచుకుని ఉన్నారు. కల్లుప్పుతో, జీలకర్రతో, వెల్లుల్లితో నలిగిన ఎండుమిరప ఒకరు. తిత్లీ తుపానుకు ఒరిగి మళ్లీ చిగిర్చిన తోటల నుంచి, పలాస జీడి బట్టీల కమ్మని సెగ నుంచి వచ్చిన జీడిపప్పు బద్ద ఇంకొకరు. మీ ముగ్గురిదీ సముద్రాలకవతలి అమెరికా గడ్డే. ఏ ఓడలెక్కారో, ఏ రేవుల్లో దిగారో, ఎన్ని నాలుకలను గెలిచారో! ఈ నల్లరాతి రోటి ఒడిలో మళ్లీ ఒక్కటవుతున్నారు.

ఇటలీ కూడా నిన్ను ఇలాగే ముద్దు చేసింది. 1690లలో నేపుల్స్‌లో ఆంతోనియో లాతీని తన వంటల పుస్తకంలో నీతో సాస్ చేయించాడు: నిప్పుల్లో కాల్చి, తోలు తీసి, సన్నగా తరిగి, ఉల్లి, మిరప, ఉప్పు, నూనె, వెనిగర్ కలపమన్నాడు. ఇది మన పచ్చడి కాక మరేమిటి! వెనిగర్ ఒక్కటే నాకు మింగుడు పడదు. నీ పులుపు ఉండగా ఇంకో పులుపెందుకు తల్లీ? వాళ్లకు ఆలివ్ నూనె సుగంధం, మాకు నువ్వుల నూనె సౌరభం. వాళ్లకు తులసి చెల్లెలు బేసిల్, మాకు చిటపటలాడే ఆవాలు, కరివేపాకు.

పొత్రం తిరుగుతోంది. ఉల్లిపాయ ఆఖరున కచ్చాపచ్చాగా నలగాలి, పంటికింద పలకాలి. పోపు పడింది, నూనె అంచున ఎర్రగా తేలింది. విస్తట్లో అన్నం పొగలు కక్కుతోంది. ఆలస్యమెందుకు, రా తల్లీ, మొదటి ముద్ద నీదే!