జీవవాయువు

మా అమ్మకు 76 ఏళ్ళు. నాన్న పోయాక గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలోనే స్నానాలగదిలో జారిపడింది. ఎముక విరగలేదు గానీ నడకలో ధైర్యం పోయింది. డాక్టరు గారు కొత్త మందేమీ రాయలేదు. ఊళ్ళో సీనియర్ సెంటర్‌లో వారానికి రెండు రోజులు తాయ్‌చీ నేర్పుతారు, అక్కడికి పంపండి అన్నారు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకు నా పాత బూట్లు వేసుకుని వెళ్ళేది. రెండు నెలలు తిరిగేసరికి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసింది.

ఒక శనివారం ప్రార్థన కూటంలో ఎవరో ఆమె చేతిలో కరపత్రం పెట్టారు. ఆ తర్వాత మూడు వారాలు క్లాసుకు వెళ్ళలేదు. అడిగితే మోకాళ్ళ నొప్పి అంది. నాలుగో వారం నేను వదలకుండా అడిగితే, బైబిల్లో దాచిన ఆ కాగితాలు తీసి ఇచ్చింది.

"అమ్మాయ్, చేతులు అట్లా తిప్పితే దేవుడికి కోపం వస్తుందా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "నవ్వకు. తెలియకే కదా అడుగుతున్నాను" అంది.

ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. ఈ సంచిక చదివేవారిలో చాలామంది క్రైస్తవులు కారు. ఇది మా ఇంటి గొడవ అనిపించవచ్చు. కానీ బడిలో క్రిస్మస్ పాటలు పాడటానికి పిల్లను పంపాలా వద్దా అని మథనపడ్డ తల్లిదండ్రులు మనలో ఎందరో ఉన్నారు. పరాయి విశ్వాసంలో పుట్టినదాన్ని ఎంతవరకు గడప లోపలికి రానివ్వాలి అన్న ప్రశ్న వలస వచ్చిన ప్రతి ఇంటిదీ.

కరపత్రం ఆరు పేజీలు. రాసినవారి పేరు లేదు. 1980ల నుంచి అమెరికాలో ఇంగ్లీషులో వస్తున్న ఈ కోవ పుస్తకాల సారాన్ని ఎవరో తెలుగులో పెట్టినట్టుంది. వాదనలు మూడు. ఒకటి, ‘చీ’ అనేది ఒక ఆత్మశక్తి, దానికి తలుపు తెరిస్తే దురాత్మలు ప్రవేశిస్తాయి. రెండు, యిన్-యాంగ్ సిద్ధాంతం మంచినీ చెడునూ సమానం చేస్తుంది. మూడు, మనసును ఖాళీ చేసుకోమంటారు, ఖాళీ ఇంట్లో సాతాను చేరతాడు. కనుక వ్యాయామమైనా, సూదులైనా, మూలికలైనా అన్నీ ఒకే చెట్టు కొమ్మలు, అన్నీ నిషిద్ధం అని ముగింపు.

రెండో వాదనతో మొదలుపెడతాను. యిన్ అంటే మొదట్లో కొండకు నీడ పడే వైపు, యాంగ్ అంటే ఎండ పడే వైపు. ఎండ పుణ్యమూ కాదు, నీడ పాపమూ కాదు. రాత్రీ పగలూ లాగా రెండూ కావలసినవే. కరపత్రం ఇక్కడ తప్పు చదివింది. నిజమైన తేడా మరోచోట ఉంది. ఆ చింతనలో లోకం తన లోపలి కదలికతోనే నడుస్తుంది. దాన్ని చేసినవాడు ఒకడున్నాడనీ, ఆయన మనతో మాట్లాడతాడనీ చెప్పవలసిన అవసరం దానికి లేదు. క్రైస్తవుడికి అదే మొదటి మాట. ఈ తేడా చిన్నది కాదు. దాన్ని చెప్పవలసిన చోట లేని తప్పును ఆరోపిస్తే, చైనా ఆలోచన గురించి కాస్త తెలిసినవారెవరూ ఆ కాగితం రెండో పేజీ దాటి చదవరు.

మూడో వాదనకు ఆధారం మత్తయి సువార్త 12వ అధ్యాయంలోని ఖాళీ ఇంటి ఉపమానం. అయితే అమ్మ క్లాసులో మనసు ఖాళీ చేయమని ఎవరూ చెప్పలేదు. నేనే ఒకరోజు వెనక కుర్చీలో కూర్చుని చూశాను. బరువు ఏ కాలి మీద ఉంది, మడమ ముందు ఆనిందా, భుజం బిగుసుకుందా, ఇవే మాటలు. అదీగాక ఊపిరినీ ఒంటినీ ప్రార్థనకు తోడు చేసుకోవడం క్రైస్తవానికి కొత్త కాదు. గ్రీసులోని ఆథోస్ కొండ సన్యాసులు ఊపిరి లయతో యేసు నామాన్ని జపించేవారు. 14వ శతాబ్దంలో వారిని వెక్కిరించినవారికి గ్రెగరీ పాలమాస్ జవాబు రాశాడు. తూర్పు సంఘాలు ఆయన్ని నేటికీ పరిశుద్ధుడిగా గౌరవిస్తాయి.

ఇక మొదటి వాదన. అసలు చిక్కు ఇక్కడే ఉంది. చైనా భాషలో ‘చీ’ అంటే ఆవిరి, గాలి, ఊపిరి. దానిమీద వేల ఏళ్ళుగా ఎన్నో అర్థాలు పేరుకున్నాయి. మన ‘ప్రాణం’, ‘వాయువు’ కూడా అంతే. మా గుంటూరు లూథరన్ ఇళ్ళల్లో "మోకాలికి వాతం చేసింది" అనని ముసలమ్మ ఉండదు. వాత పిత్త కఫాలు ఏ దర్శనంలోంచి వచ్చాయని ఆమెను ఎవరూ నిలదీయలేదు. చర్చికి వెళ్ళేవారి నోటే "ఏదో గ్రహపాటు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! బళ్ళో మాకు ఆక్సిజన్‌ను ప్రాణవాయువు అని నేర్పారు. దానివల్ల ఏ క్రైస్తవ విద్యార్థి విశ్వాసమూ పోలేదు. 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టరు ఆనా కుగ్లర్ కట్టిన ఆసుపత్రిలో పుట్టిన పిల్లలకే ఇంట్లో శొంఠి, మిరియాల కషాయం పట్టారు. మన ఇంటి మాట మనకు అలవాటు కనుక భయపెట్టదు. పరాయి మాట భయపెడుతుంది.

ఆదికాండం 2వ అధ్యాయంలో దేవుడు మట్టితో నరుణ్ణి చేసి, ముక్కుపుటాల్లో ఊదాడు. మన తెలుగు బైబిలు ఆ ఊదినదాన్ని ‘జీవవాయువు’ అంది. 1919లో వెలువడిన చైనీస్ యూనియన్ బైబిలు అదే చోట ‘షెంగ్‌చీ’ అంది. అంటే జీవాన్నిచ్చే చీ! కరపత్రం భయపడుతున్న మాట చైనా క్రైస్తవుల బైబిలు మొదటి పుటల్లోనే ఉంది. అయితే అదే అనువాదం పరిశుద్ధాత్మకు మాత్రం ‘చీ’ వాడలేదు. వేరే మాట ఎంచుకుంది. తెలుగు బైబిలూ అంతే. అందరి ముక్కుల్లో ఆడే ఊపిరి ఒకటి, దేవుడి ఆత్మ మరొకటి. ఈ తేడా పాటిస్తే అమ్మ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ‘చీ’ని ఊపిరి అన్నంతవరకు అది సృష్టిలోని సంగతి. ఆ శక్తిని నేను అరచేతుల్లోంచి పంపి నీ రోగం తీస్తాను అని ఎవరైనా అన్నప్పుడు, అది వేరే దావా. దాన్ని వేరేగా విచారించాలి.

ఈ తేడాను పెద్ద చర్చి పత్రాలు కరపత్రాలకన్నా జాగ్రత్తగా పాటించాయి. 1989లో కార్డినల్ రాట్జింగర్ సంతకంతో వాటికన్ నుంచి క్రైస్తవ ధ్యానం గురించి ఒక లేఖ వచ్చింది. ఇతర మతాల పద్ధతులను అవి క్రైస్తవం కావన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని అందులో ఉంది. వ్యాయామంవల్ల కలిగే హాయిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఆదరణ అని పొరబడకూడదని కూడా ఉంది. నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చిన హెచ్చరిక ఇదే. తాయ్‌చీకే కాదు, మన కూటాల్లో గంటసేపు చప్పట్లు కొట్టి పాడాక కలిగే ఒంటి పులకింతకూ ఇది వర్తిస్తుంది. 2009లో అమెరికా కాథలిక్ బిషప్పులు జపాన్‌లో పుట్టిన రేకీ గురించి రాశారు. అది శాస్త్రం పరీక్షకు నిలవదు, క్రైస్తవ విశ్వాసానికీ పొసగదు అని తేల్చారు. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. చేతులు ఆనించి ‘విశ్వశక్తి’ని పంపుతామనడమే రేకీ సారం. కానీ ఆ తీర్పును ఎత్తుకొచ్చి ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకునే ముసలమ్మకు వర్తింపజేయడం న్యాయం కాదు.

పైగా కరపత్రం చెప్పే ‘ఒకే చెట్టు’ చరిత్రలో అంత పాతది కాదు. చీగోంగ్ అనే పేరుతో ఊపిరి సాధనలను ఒక ఆరోగ్య పద్ధతిగా నిలబెట్టింది 1950లలో, ల్యూ గ్వెయ్‌జన్ అనే కమ్యూనిస్టు కార్యకర్త. తన కడుపులో పుండు ఈ సాధనతో నయమైందని చెప్పి, శానటోరియం నడిపాడు. పాత మంత్రాల స్థానంలో ఆరోగ్యం గురించిన మామూలు మాటలు పెట్టారు. అమ్మ క్లాసులాంటి చోట్ల ఎక్కువగా నేర్పే 24 భంగిమల తాయ్‌చీని 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ కూర్చింది. అదే ఏడాది నాలుగు నగరాల్లో చైనీస్ వైద్య కళాశాలలు తెరిచారు. దేశంలో డాక్టర్లు చాలక ప్రభుత్వం ఆ వైద్యాన్ని ముందుకు తెచ్చింది. తనకు మాత్రం దానిమీద నమ్మకం లేదని మావో చెప్పాడని ఆయన సొంత వైద్యుడు లీ జిసుయి 1994లో వెలువడిన జ్ఞాపకాల్లో రాశాడు. దేవుళ్ళెవరినీ ఒప్పుకోని ప్రభుత్వం మతాన్ని గీకేసి ఇచ్చిన వ్యాయామానికి, అమెరికా వచ్చాక న్యూ ఏజ్ అంగళ్ళు మళ్ళీ ఆత్మజ్ఞానం రంగు పూశాయి. కరపత్రం ఆ రంగును చూసి, అదే అసలు రంగు అనుకుంది. తావో మతంతో, బౌద్ధంతో ఈ సాధనలకు పాత బంధుత్వం లేదని నేను అనను. ఉంది. ఎదురుగా ఉన్న క్లాసులో ఏం నేర్పుతున్నారు అన్నది అడగాల్సిన ప్రశ్న.

వైద్యం సంగతి వ్యాయామంకన్నా గంభీరమైనది. అక్కడ కరపత్రం దురాత్మల వెంట పడి, అడగవలసినవి అడగలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు మింగిన వందమందికి పైగా ఆడవాళ్ళ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కారణం అరిస్టలోకియా అనే మొక్కలోని విషం. అదే సంప్రదాయంలో మరో ముఖం ఉంది. 4వ శతాబ్దపు వైద్యుడు గ హోంగ్ జ్వరానికి రాసిన ఒక చిట్కాను పట్టుకుని తూ యూయూ ఆర్టెమిసినిన్ వెలికితీసింది. మలేరియా నుంచి లక్షల ప్రాణాలు కాపాడిన ఆ మందుకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పాత గ్రంథం దారి చూపింది. అది మందు అని తేల్చింది ప్రయోగశాల. ఇక సూదులు. జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మందిమీద జరిపిన పరిశోధన 2007లో ప్రచురించారు. సంప్రదాయం చెప్పిన చోట సూదులు గుచ్చినవారిలో 47.6 శాతానికి మేలు కలిగింది. చెప్పని చోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతానికి కలిగింది. మామూలు చికిత్సతో 27.4 శాతమే. సూది గుచ్చించుకుంటే కొంత ఉపశమనం ఉన్నట్టుంది, కానీ చీ ప్రవహించే దారుల పటం దానికి పెద్దగా అవసరం పడలేదు. నమ్మకం అమ్మేవాడికీ, భయం అమ్మేవాడికీ ఈ అంకెలు ఇబ్బందే.

సృష్టిని కాపాడమని మనకు అప్పగించారని నమ్మేవాళ్ళం. మందుల కోసం అంతరించిపోతున్న అలుగు పొలుసుల గురించి కరపత్రంలో ఒక్క వాక్యం లేదు. చైనా తన అధికారిక ఔషధ జాబితా నుంచి వాటిని 2020లో తీసేసింది. క్రైస్తవ విమర్శ మాట్లాడవలసిన చోటు ఇలాంటిది.

తాయ్‌చీ మాటకొస్తే, పార్కిన్సన్ రోగులు 195 మందిమీద ఆరెగన్‌లో జరిపిన పరిశోధన 2012లో వచ్చింది. సాగదీత వ్యాయామాలు చేసినవారికన్నా తాయ్‌చీ చేసినవారు తక్కువగా పడ్డారు. వయసు మళ్ళినవారు పడిపోవడం గురించి 2019లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, తాయ్‌చీ వల్ల పడే సందర్భాలు 19 శాతం తగ్గవచ్చంది. సాక్ష్యం అంత బలమైనది కాదని కూడా నిజాయితీగా రాసింది. 76 ఏళ్ళ మనిషికి తుంటి ఎముక విరగడమంటే ఏమిటో తెలిసినవారికి ఆ మాత్రం చాలు.

ఇదంతా పోగుచేసుకుని, వాదన గెలిచినవాడిలా అమ్మ దగ్గరికి వెళ్ళబోయాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయం నన్ను ఆపింది. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి అక్కడ పౌలుకూ ఇదే తగువు. విగ్రహంలో ఏమీ లేదు కనుక మాంసం మాంసమే అన్నవారి పక్షమే ఆయనది. అయినా, తెలిసినవాడు తన తెలివితో తెలియనివాడి మనస్సాక్షిని తొక్కకూడదన్నాడు. మా అమ్మ మనస్సాక్షి నా అంకెలతో తొక్కదగ్గది కాదు. ఆ కరపత్రం ఇచ్చిన మనిషి కూడా ఆమె మేలు కోరే ఇచ్చి ఉంటారు. కానీ పౌలు మాట రెండు వైపులా కోస్తుంది. భయపడేవారిని తొందరపెట్టకూడదు. లేని భయాన్ని తెచ్చి ఒకరి మనస్సాక్షి మీద పెట్టడమూ కూడదు.

అందుకని అమ్మకు అంకెలు చెప్పలేదు. ఆదికాండంలోని ఆ రెండు మాటలు మాత్రం చెప్పాను. చాలాసేపు ఊరుకుంది. మర్నాడు తనే ఫోను చేసి, క్లాసులో తన పక్కన నిలబడే చైనా ఆవిడను అడిగింది. ఆవిడ చైనీస్ చర్చికి వెళ్తుందని మాకు అప్పటిదాకా తెలియదు. ఆ మాట తన బైబిల్లో ఉందని ఆవిడ చదివి వినిపించిందట. ఇద్దరికీ రాని ఇంగ్లీషులో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ, గురువారం బూట్లు బయటికి వచ్చాయి.

ఇప్పుడు క్లాసు మొదలయ్యే ముందు కళ్ళు మూసుకుని తెలుగులో చిన్న ప్రార్థన చేసుకుంటుంది. దాన్ని టీచరు తాయ్‌చీలో భాగమే అనుకుంటోందేమో తెలియదు. పోయిన నెల ఆ టీచరే మోకాలికి సూదులు వేయించుకోమని సలహా ఇచ్చింది. ఈసారి నన్ను అడగలేదు, వాక్యమూ వెతకలేదు.

"వద్దులే అమ్మాయ్, నాకు సూదులంటే చిన్నప్పటినుంచీ భయం" అంది.