ప్రథమ ముద్రణముల విలువ

గ్రంథసంగ్రహము విద్యాభిమానమునకు గుర్తని లోకము తలచును. ఈ తలంపు అన్నియెడల నిజము కాదు. ప్రథమముద్రణప్రతిని అధికమూల్యమునకు కొని, అద్దపు బీరువాలో బంధించి, పుటయైనను త్రిప్పని ధనికుడు గ్రంథమునకు కావలివాడే కాని చదువరి కాడు. విజ్ఞానము, ఆయుధములు, దేశరక్షణము అను విషయములను గూర్చిన గ్రంథముల యెడ ఈ దోషము మఱింత శోచనీయము. అణుబాంబు నిర్మాణమును గూర్చి హెన్రీ డివోల్ఫ్ స్మైత్ రచించిన నివేదికయే ఇందుకు నిదర్శనము.

స్మైత్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడు. హిరోషిమా, నాగసాకి నగరములపై 1945 ఆగస్టు 6, 9 తేదీలలో బాంబులు పడినవి. ఆ నెల 12వ తేదీన అమెరికా ప్రభుత్వము ఈ నివేదికను లోకమునకు వెల్లడించెను. సైనికశాఖవారు ముందుగా రహస్యముగా అచ్చొత్తించిన ప్రతులు సుమారు 1000. ముఖపత్రముపై 'అణుబాంబులు' అను పేరు ఎఱ్ఱసిరాతో ముద్ర వేయవలెనని తలచిరి గాని, పెక్కుప్రతులపై ఆ ముద్ర పడనే లేదు; దీర్ఘమైన ఉపశీర్షికయే మిగిలినది. సంగ్రాహకులు ప్రాకులాడునది ఈ ప్రతులకే. సెప్టెంబరులో ప్రిన్స్‌టన్ ముద్రణాలయము ప్రకటించిన కూర్పు క్రమముగా లక్షకు మించి అమ్ముడుపోయినది గనుక అంత దుర్లభము కాదు.

వెల ప్రతుల కొఱతనుబట్టి యేర్పడును. విలువ పాఠమునుబట్టి యేర్పడును. యురేనియము పరమాణువులు పగిలినపుడు పుట్టు కొన్ని పదార్థములు న్యూట్రానులను మ్రింగి రియాక్టరును స్తంభింపజేయును. 1944 సెప్టెంబరులో హాన్‌ఫర్డ్‌లోని రియాక్టరు ఇట్లే ఆగిపోగా, జెనాన్ అను వాయువు కారణమని తేలినది. సైనికశాఖ ముద్రణములో ఈ దోషమును సూచించు వాక్యము కలదు. ప్రిన్స్‌టన్ కూర్పునుండి దానిని తొలగించిరి. సోవియట్ దేశమువారు రెండుపాఠములను పోల్చి ఈ భేదమును కనిపెట్టిరి. దాచబోయిన చోటనే వేలు పెట్టి చూపినట్లయ్యెను. తాళపత్రప్రతులను సరిచూచి పాఠాంతరములను గుర్తించు మన పండితుల పద్ధతియే అచ్చటను ఫలించినది. ప్రథమముద్రణముల నిజమైన ప్రయోజనమిదియే.

చదివినవారికి ఈ గ్రంథములోని లోపములును తెలియును. భౌతికశాస్త్రమున ముఖ్యాంశములు పెక్కు అప్పటికే బహిరంగములు గనుక వానిని విస్తరించి వ్రాసిరి. రసాయన, లోహశాస్త్రములలోని రహస్యములను మిక్కిలి సంగ్రహించిరి. ప్లుటోనియమును నలువైపులనుండి ఒకేసారి అదిమి ప్రేల్చు విధానమును అసలే తడవలేదు. అందుచేత బాంబు భౌతికశాస్త్రజ్ఞుల చేతిపనియే యను భ్రమ లోకమున ప్రబలినది. వేలకొలది కర్మచారుల, యంత్రనిర్మాతల శ్రమ మఱుగుపడినది. రక్షణకొఱకు చేసిన వడపోత చరిత్రమును గూడ వడపోసినదన్నమాట.

సంగ్రాహకులు లేకున్న ఇట్టి ప్రతులు నశించునని కొందఱందురు. నిజమే, కాపాడినవారికి కృతజ్ఞత చెల్లింపవలసినదే. కాని కాపాడుట చదివించుటకొఱకు. ఆయుధములను గూర్చిన నిర్ణయములకు పౌరులే తుదకు బాధ్యులనియు, తెలియనివారు ఆ బాధ్యతను వహింపజాలరనియు స్మైత్ భావించెను. కనుకనే తన గ్రంథమును ఎవ్వరైనను, ఎంతభాగమైనను, స్వేచ్ఛగా పునర్ముద్రించుకొనవచ్చునని అనుమతించెను. ప్రభుత్వములు రహస్యమును దాచుటకు ఏదో యొక కారణము చెప్పును. వెల్లడియైన దానిని బీరువాలో దాచువారు ఏ కారణము చెప్పుదురు?