పాఠకురాలికి తన పుస్తకం: అబ్బూరి ఛాయాదేవి రచనల్లో గ్రంథపాలక దృష్టి

కీలకపదాలు: అబ్బూరి ఛాయాదేవి, గ్రంథాలయం, నిత్యజీవితం, కథ, టైడా.

1. ఉపోద్ఘాతం

అబ్బూరి ఛాయాదేవి (1933-2019)ని తెలుగు విమర్శ ప్రధానంగా స్త్రీవాద కథా రచయిత్రిగా అంచనా వేసింది. వృత్తి రీత్యా ఆమె గ్రంథపాలకురాలు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి, 1982లో స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశారు. ఆమె మామగారు అబ్బూరి రామకృష్ణారావు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయాధికారి. అయినా ఈ వృత్తి ఆమె జీవిత విశేషాల్లో ఒక వాక్యంగానే మిగిలింది. నిత్యజీవితాన్ని ఆమె నమోదు చేసిన తీరును ఆ వృత్తి వెలుగులో చదవడం, ఆ పద్ధతి ఎంతవరకు చేరగలదో అరకు కొండల్లోని టైడా వైపు నుంచి పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నమోదు చేసే చూపు

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల్లో, ప్రతి పాఠకునికీ తనకు కావలసిన పుస్తకం అందాలన్న భావం కీలకమైనది. ఈ భావాన్ని అనుసరించే గ్రంథపాలకులకు ఏ విషయమూ అల్పం కాదు. ప్రతిదానికీ ఒక చోటు చూపాలి. ఛాయాదేవి కథల్లో ఈ క్రమశిక్షణ కనిపిస్తుంది.

'సుఖాంతం' కథలో ఒక స్త్రీ కోరేది కంటినిండా నిద్ర. పుట్టింట్లో, అత్తింట్లో, పిల్లల పెంపకంలో ఆ నిద్ర ఎలా చెదిరిందో వరుసగా చెప్పుకుపోవడమే కథనం. చివరకు నిద్రమాత్రలే ఆమెకు నిద్రనిస్తాయి. ఆక్రోశం లేదు, వ్యాఖ్య లేదు; పేర్చిన వివరాలే అభియోగపత్రమవుతాయి. 'బోన్సాయ్ బ్రతుకు'లో పెద్ద చదువు లేని అక్కయ్య, చెల్లెలి ఇంట్లో కుండీలోని మరుగుజ్జు చెట్టును చూసి, దానిలో ఆడదాని బతుకును గుర్తిస్తుంది. ఆ పోలిక చదువుకున్న చెల్లెలి నోట కాక అక్కయ్య నోట రావడం గమనార్హం. జ్ఞానం ఎవరి దగ్గర ఉందో గుర్తించి, దాన్ని వారి పేరిటే భద్రపరచడం ఇక్కడి నేర్పు.

ఈ లక్షణాలకు స్త్రీవాదం చాలదా అన్న ప్రశ్న సహజం. వస్తువు ఎంపికను స్త్రీవాదం వివరిస్తుంది. తీర్పు చెప్పకుండా వివరాన్ని దాని స్థానంలో ఉంచే నిగ్రహాన్ని వివరించాలంటే వృత్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 20వ శతాబ్దపు తెలుగు రచయిత్రుల రచనలను సంకలనం చేయడం కూడా ఈ స్వభావానికి కొనసాగింపే.

3. పరిమితి

అయితే ఈ కథల లోకం ప్రధానంగా చదువుకున్న మధ్యతరగతి ఇల్లు. నిద్ర కరవైన గృహిణికి 'సుఖాంతం' తన పుస్తకం కాగలదు. మరి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలోని టైడాలో చదువు నేర్చిన ఆదివాసీ యువతికి తన పుస్తకం ఏది? సందర్శకుల రాతల్లో టైడా అంటే సొరంగాలు, అడవి, చెట్ల నడుమ విడిది. అక్కడ సంతకు నడిచే దారి, పోడు పని, ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య దూరం ఆ చూపుకు అందవు. కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో బడి వాచకాలు తయారైనా, వాచకం అక్షరాన్ని మాత్రమే ఇస్తుంది. తన దినచర్య సాహిత్యానికి తగినదేనన్న నమ్మకాన్ని ఇవ్వాల్సింది రచన.

4. ముగింపు

ఛాయాదేవి ఆ లోకాన్ని రాయలేదనడం ఆరోపణ కాదు. తనకు తెలిసిన ఇంటినే ఆమె నమోదు చేశారు. ఆ నిజాయితీయే ఆమె రచనలకు బలం. టైడాను కూడా ఆ ఇంటి లోపలివారే రాయాలన్నది ఈ పద్ధతి నుంచి తేలే నిర్ధారణ. అక్కయ్య మాటను అక్కయ్య పేరిటే భద్రపరచిన దృష్టి, కొండ ఊళ్ల మాటలను సేకరించే పరిశోధకులకు కూడా అవసరం. సేకరించిన మాట పరిశోధన గ్రంథంలో ఉదాహరణగా ఆగిపోకుండా, చెప్పినవారి పేరుతో వారి ఊరి బడి అలమరకు తిరిగి చేరినప్పుడే ఆ పాఠకురాలికి తన పుస్తకం దొరుకుతుంది.