బరువు మోయని వాసాలు

ఐరోపా నగరాల మీద తెలుగులో వచ్చే యాత్రావ్యాసాల్లో నడకదే పెద్దపీట. ఒక సందులో రోమన్ గోడ, మలుపు తిరిగితే గోథిక్ చర్చి, దాని పక్కనే బరోక్ ముఖద్వారం. ఇష్టంగానే చదువుతాను. కానీ చాలా వ్యాసాలు చివర్లో ఒకే నిట్టూర్పు విడుస్తాయి: ఇలాంటివి మనకేవీ? నా పేచీ ఆ నిట్టూర్పుతోనే.

రోమ్‌లో శాన్ క్లెమెంతె చర్చి ఉంది. పైన 12వ శతాబ్దపు చర్చి, దాని కింద 4వ శతాబ్దపు చర్చి, ఇంకా కిందికి దిగితే పాత రోమన్ కట్టడాలు. మూడు కాలాలూ ఒకే మెట్లదారిలో దొరుకుతాయి. మా ఏలూరు వైపు కాలం అలా నిలువుగా పేర్చి లేదు, అడ్డంగా పరిచి ఉంది. ఊళ్లో 19వ శతాబ్దపు కాలువలు. ఉత్తరాన శాలంకాయనుల రాజధాని పెదవేగి. ఇంకా పైకి, కామవరపుకోట వైపు వెళ్తే గుంటుపల్లి బౌద్ధ గుహలు. దక్షిణాన కొల్లేరు. ఒక పూట నడకకి ఇదంతా లొంగదు, బస్సులు మారాలి. అందుకే ఏమీ లేదనిపిస్తుంది.

గుంటుపల్లిలో గుండ్రటి చైత్యగృహం ఒకటుంది. క్రీస్తుపూర్వమే కొండని తొలిచి చేసింది. లోపలికెళ్లి తలెత్తితే రాతికప్పు నిండా వాసాలు! తొలిచిన కొండకి వాసాలెందుకు? అవి ఏ బరువూ మోయవు. అప్పటికి అలవాటైన చెక్క కప్పుని శిల్పి రాతిలో దించాడు. అంటే మనకి మిగిలిన పాత కట్టడం, మిగలని ఒక ఇంటికి నకలు.

ఆ కప్పుని చూస్తే నాకు కోస్తా పల్లెల చుట్టిల్లు గుర్తొస్తుంది. గుండ్రటి మట్టిగోడ, మొనదేలిన తాటాకు కప్పు. మూలలు లేవు కాబట్టి తుఫాను గాలికి పట్టు దొరకదు. ఇది కూడా వాస్తువిద్యే. దాన్ని కట్టినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు.

తాటాకింట్లో ఉన్నవాళ్లు డాబా కోరుకోవడం న్యాయమే. వేసవిలో నిప్పు భయం, వానాకాలంలో కారుడు, 1977 నాటి దివిసీమ ఉప్పెన చూసిన తీరం ఇది. ఇంకా అందులోనే ఉండమనే హక్కు ఎవరికీ లేదు. నా ఫిర్యాదు రాసేవాళ్ల మీద. గోథిక్ కమానులో ఒక్కో భాగానికీ పేరు వెతికి నేర్చుకుంటాం. నిట్రాడ, దూలం, వాసం అనే మాటలు మాత్రం మన వ్యాసాల్లోకి రావు. రాజులు కట్టిందే చరిత్ర అనుకుంటే, లేనివాళ్ల ఇళ్లు కూలినప్పుడు పోయిందేమిటో కూడా మనకి తెలియదు.

వచ్చే నడక వ్యాసం ఏలూరు బస్టాండు నుంచి మొదలవ్వాలని నా కోరిక. గుంటుపల్లి కప్పు చూశాక దారిలో ఏదో ఒక పల్లెలో దిగి, తాటాకు నేసిన చేయి ఇంకా ఎవరిదైనా ఉందేమో అడగండి. ఉంటే, ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకోండి.