వెనక్కి ఈదే రొయ్య

ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యకు కొదవలేదు. 2009లో వనామి సాగుకు అనుమతి దొరికాక కోస్తాలో ఎన్నో వరి మళ్లు చెరువులయ్యాయి. దేశంలో సాగయ్యే రొయ్యల్లో సింహభాగం మనదే. అలాంటి రాష్ట్రంలో కూర్చుని కోడి ఈకతో, పాల ప్యాకెట్ ముక్కతో, తాళంచెవి గొలుసులోని పూసలతో దొంగ రొయ్యను తయారుచేసేవాడు కనబడితే నవ్వకుండా ఎవరుంటారు? మా ఇంట్లో ఆ నవ్వు ఇప్పటికీ ఆగలేదు. దీనికి పెట్టే డబ్బుతో అరకిలో కొనుక్కొస్తే పూట గడుస్తుంది కదా అంటారు. న్యాయమే.

పని ఇదీ. గాలానికి వానపామునో రొయ్య ముక్కనో గుచ్చకుండా, గాలం మీదే దారంతో ఈకలూ ఉన్నీ వెంట్రుకలూ చుట్టి, నీళ్లలో పడగానే ప్రాణముందనిపించేలా చేయడం. ఇంగ్లండులో ఏటి చేపల కోసం ఈగల్నీ పురుగుల్నీ ఇలా కట్టేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ విద్య ఉప్పునీళ్లకు దిగింది. అక్కడ చేపలు తినేది రొయ్యలూ పీతలూ కాబట్టి కట్టేవాళ్లూ వాటి వెంట పడ్డారు.

నేనుండేది అరకులో. నా ఎరలు నీళ్లు ముట్టేది భీమిలిలో. రెంటినీ కలుపుతూ గోస్తని ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, తాటిపూడి జలాశయంలో కాసేపు నిలిచి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గర పోటు దిగే వేళ రొయ్యపిల్లలు నీటి వాలుకు కొట్టుకొస్తుంటాయి. పండుగొప్ప, పార లాంటి వేటచేపలు వాటికోసం కాచుకుని ఉంటాయి. ఎర అక్కడ పడాలి. దానికి కావలసిన సరుకూ, అంతకంటే ముఖ్యమైన చదువూ నాకు కొండ మీదే దొరికాయి.

సరుకు సంగతి ముందు చెబుతాను. అరకులో బొంగులో చికెన్ అమ్మే కొట్లకు లోటు లేదు, వాటి వెనక ఈకల కుప్పలకూ లోటు లేదు. కానీ బ్రాయిలర్ కోడి ఈక నాకు పనికిరాదు. బతికిన ఐదారు వారాల్లో దాని మెడ ఈకలకు పొడవు రాదు, బిగువు రాదు. కావలసింది పెరట్లో ఏళ్ల తరబడి తిరిగిన నాటు పుంజు. దాని మెడ ఈక సన్నగా, పొడుగ్గా, మెరుస్తూ ఉంటుంది. గాలం చుట్టూ తిప్పి కడితే పోగులు నిటారుగా విచ్చుకుని రొయ్య కాళ్లవుతాయి. పెట్ట మెడ ఈక మెత్తన, నెమ్మది నీళ్లలో అదే బాగా కదులుతుంది. రంగులకైతే మన కుక్కుట శాస్త్రమే చాలు. ఎర్రటి డేగ, నల్లటి కాకి, మెడ మీద నలుపూ తెలుపూ కలిసిన పర్ల, లేత బంగారు రంగు అబ్రాసు. పందెంరాయుళ్లు జాతకం చూసుకోవడానికి రాసుకున్న ఈ పట్టిక, రొయ్యకు ఏ ఈక వాడాలో తేల్చుకోవడానికి నాకు పనికొస్తోంది. ఇసుక నేల మీద అబ్రాసు, బురద నీళ్లలో డేగ.

ఓ సంతలో పుంజును చంకన పెట్టుకుని కూర్చున్న ఒక తాతను నాలుగు మెడ ఈకలు అడిగాను. ఆయన పుంజును ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, ‘‘ఏటి బాబూ, ఏ మొక్కు?’’ అన్నాడు. మొక్కు కాదు తాతా, గాలానికి కడతాను అన్నాను. ‘‘ఎర గుచ్చకుండానా? చేప అంత ఎర్రిదేటి బాబూ?’’ అని నవ్వాడు. ఈకలు ఇచ్చాడు గానీ ప్రశ్న నా దగ్గరే వదిలేశాడు. ఈ విద్యలో అసలు ప్రశ్న అదే.

జవాబు గెడ్డల్లో ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గాక మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు గెడ్డలో దిగి రాళ్లు ఎత్తి పీతల్ని పడతారు. కూరకోసమే గానీ వాళ్ల చూపు మాత్రం శాస్త్రవేత్తల చూపు. రాయి ఎత్తిన వెంటనే చెయ్యి పెట్టరు. పీత మొదట కదలదు, నేలకు కరుచుకుని రాయిలో రాయిలా ఉండిపోతుంది. రెండోసారి నీడ పడితే పక్కకి జారి మరో రాతి కిందికి దూరుతుంది. దారి మూసుకుపోతేనే డెక్కలు పైకెత్తి ఎదురు తిరుగుతుంది. అప్పుడు వెనకనుంచి వీపు మీద వేలు నొక్కి పట్టుకోవాలి. గెడ్డ పీత పిల్లల్ని పూర్తి పీతలుగానే తల్లి పొట్ట కింద మోస్తుంది, దానికి సముద్రంతో పనిలేదు. మొగ దగ్గర మండపీత అలా కాదు, ఆడది గుడ్లు పొదగడానికి సముద్రంలోకి పోతుంది. బతుకులు ఇంత వేరైనా పీత బెదురు మాత్రం రెండుచోట్లా ఒకలాగే ఉంటుంది. ఆగడం, అణగడం, దాక్కోవడం.

ఈ మూడింటినీ గాలానికి కట్టాలి. 1980ల్లో డెల్ బ్రౌన్ అనే అమెరికన్ కట్టిన పీత ఇప్పటికీ ఈ పనిలో అందరికీ ఒరవడి. తివాచీలు అల్లే ఉన్నిని చిన్న ముక్కలుగా కోసి, గాలం కాడకు అడ్డంగా ఒక్కొక్కటే పెట్టి, దారాన్ని ఎనిమిది అంకెలా మెలితిప్పి బిగించుకుంటూ పోవాలి. వరస పూర్తయ్యాక కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే చిప్ప తయారవుతుంది. రబ్బరు పోగుల్ని ముడివేస్తే కాళ్లు. ముందు భాగంలో బరువైన లోహపు కళ్లు రెండు, గాలం ముల్లు ఏ వైపుందో దానికి ఎదురు వైపున కట్టాలి. కిటుకంతా ఇందులోనే ఉంది. బరువు కిందికి లాగుతుంది కాబట్టి నీళ్లలో ఎర తిరగబడి ముల్లు పైకి వస్తుంది, అడుగునున్న నాచుకూ రాళ్లకూ తగులుకోదు. పైగా పీత పారిపోయేటప్పుడు చేసినట్టే వాలుగా, వేగంగా అడుగుకి దిగుతుంది.

రొయ్యది ఇంకో తీరు. మామూలుగా అది ముందుకే ఈదుతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు తోకను పొట్ట కిందికి ఒక్కసారి ముడిచి వెనక్కి ఎగురుతుంది. చేపకు కావలసింది ఆ బెదిరిన రొయ్యే. గాలానికి దారం కట్టే కన్నం వైపు నుంచే లాగుతాం గనక, రొయ్య తోక అటు ఉండాలి, తలా మీసాలూ గాలం వంపు వైపు ఉండాలి. లావు నైలాన్ దారం కొసను నిప్పుకు చూపిస్తే కరిగి నల్లటి గుండు కడుతుంది, అవే కళ్లు. పాల ప్యాకెట్ నుంచి కోసిన సన్నటి ముక్క వీపు మీది పెంకు. కొత్తవాళ్లు తలను కన్నం వైపు కట్టి, చూడ్డానికి అచ్చం రొయ్యలా ఉందని మురిసిపోతారు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. బహామాస్ దీవుల్లో చార్లీ స్మిత్ అనే చేపల గైడు పేరు మీద 1970ల చివర్లో వచ్చిన ‘క్రేజీ చార్లీ’ ప్రపంచంలో అందరికీ తెలిసిన రొయ్య ఎర. దాని పూస కళ్లు తోక ఉండాల్సిన చోట ఉంటాయి. మీసాల్లేవు, పెంకు లేదు. పూసల బరువుకు ముక్కు కిందికి వాలుతుంది, దారం లాగితే ఎగురుతుంది, ఆపితే మళ్లీ వాలుతుంది. అంతే. బోన్‌ఫిష్ అనే మహా అనుమానపు చేప దాన్ని దశాబ్దాలుగా మింగుతూనే ఉంది. కళ్లు తప్పుచోట ఉన్నాయని అది ఏనాడూ ఫిర్యాదు చేయలేదు.

తాత ప్రశ్నకు జవాబు దొరికినట్టే. చేప ఎర్రిది కాదు. దానికి తీరిక లేదు. రెప్పపాటులో తేల్చుకోవాలి, లేకపోతే పక్క చేప ఎత్తుకుపోతుంది. ఆ రెప్పపాటులో అది మీసాలు లెక్కపెట్టదు, పారిపోతున్నదా లేదా అన్నదే చూస్తుంది. అందుకే నా పెట్టెలో బాగా ముద్దొచ్చే ఎరలు షోకేసుకే పనికొస్తాయి. పల్చగా, కాస్త పేదగా కట్టినవే నీళ్లలో బతుకుతాయి. ఒక ఈక తక్కువైతే నీళ్లు లోపలికి దూరి పోగుల్ని కదిలిస్తాయి. ఒకటి ఎక్కువైతే అంతా కలిసి బొమ్మలా బిగుసుకుంటుంది. ఆ చివరి ఈకను పక్కన పెట్టేయడం ఈ పనిలో నేర్చుకోవలసినవాటిలో కష్టమైనది. దానికంటే కష్టం, పీత ఎరను నీళ్లలో వేశాక చేతులు కట్టుకుని ఊరుకోవడం. చేప దగ్గరికి వస్తున్నప్పుడు నిజం పీత కదలదు. వేళ్లు దురదపెట్టి దారం లాగితే ఆట ముగిసినట్టే.

ఈకల దగ్గర ఒక మాట చెప్పక తప్పదు. బూడిద రంగు అడవికోడి మెడ ఈకల కొసన లక్క బొట్టు పెట్టినట్టు మెరిసే చుక్కలుంటాయి. ఒకప్పుడు ఆ చుక్కల కోసమే దాని మెడ తోళ్లు మన అడవుల నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కాయి. అక్కడ సాల్మన్ ఎరల మీద అవి చెంపల అలంకారమయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవికోడిని వేటాడటం నేరం. ఇప్పటికీ ‘అసలు సరుకు’ ఉందని గుసగుసగా చెప్పేవాళ్లు తగులుతారు. ఆ చుక్క లేకపోయినా చేప వస్తుంది. దాన్ని చూసి మురిసేది మనిషే.

కాబట్టి ఈ పని మొదలుపెట్టాలనుకునేవారికి నా సలహా ఇది. ఈకలు పెంపుడు కోడివే వాడండి, నాటు పుంజు ఒక్కటి కోసినా ఏడాదికి సరిపోతాయి. కళ్లకు సీసం మానేసి ఇత్తడి పెట్టండి, తెగిపోయి నీళ్లలో ఉండిపోయినా విషం కాదు. ముల్లు మీది కొక్కేన్ని పటకారుతో నొక్కేయండి, వదిలేసిన చేప బతకాలి. అన్నిటికంటే ముందు, గాలం చేత పట్టుకోకుండా ఒక పూట గెడ్డ ఒడ్డునో మొగ దగ్గరో కూర్చుని, బతికున్న పీత ఎలా బెదురుతుందో చూడండి. కట్టడం ఆ తర్వాత ఎవరైనా నేర్పుతారు.